ద్రవ్య సంక్షోభమూ, ప్రజాప్రతినిధులూ

ఎన్నికల్లో ఓటరు తన ప్రతినిధిని ఎన్నుకుంటాడు. ఖజానా ఖాళీ అయిననాడు ఆ ప్రతినిధి కూడా ఒక ఎన్నిక చేసుకోవలసి వస్తుంది: ఓటు ఇచ్చినవాడి మాట వినడమా, అప్పు ఇచ్చేవాడి మాట వినడమా? ప్రాతినిధ్య ప్రభుత్వానికి ఇంతకన్న గట్టి పరీక్ష మరొకటి లేదు. ఈ పరీక్షకు చరిత్రలో నిదర్శనాలు చాలా ఉన్నాయి. వాటిలో 1931 నాటి బ్రిటన్ అనుభవాన్ని ఇక్కడ తీసుకోవడానికి కారణాలు రెండు. పార్లమెంటులకు తల్లి అని పేరుపడ్డ సభ ఉన్నచోట జరిగిన కథ అది. పైగా, ఆ ఏడు లండనులో రేగిన మంట సెగ మన కృష్ణా, గోదావరి డెల్టాల దాకా వచ్చింది.

నేను అర్థశాస్త్రం చదివినవాణ్ణి కాను. కళాశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. మాటను విప్పి చూడడం నా వృత్తి. కనుక ఒక మాటతోనే మొదలుపెడతాను. మన భాషలో ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలిపెడితే మేము. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఉన్నది ఒకే మాట. సంక్షోభ కాలంలో ఏలికలు ఆడిన మాటలు చదివేటప్పుడు ఆ ఒక్క మాటను అడుగడుగునా తెలుగు చేసి చూసుకోవాలి. ‘మనమంతా త్యాగం చెయ్యాలి’ అంటే చేసేవారెవరు, చెయ్యమనేవారెవరు అన్నది అప్పుడు గాని తేలదు.

1931లో బ్రిటన్‌ను ఏలుతున్నది రామ్సే మాక్డొనాల్డు నాయకత్వాన లేబర్ ప్రభుత్వం. సభలో దానికి సొంత మెజారిటీ లేదు. లిబరల్ సభ్యుల దయమీద నడుస్తున్నది. నిరుద్యోగులు ఇరవై అయిదు లక్షలు దాటారు. పౌను విలువ బంగారంతో ముడిపడి ఉంది. యుద్ధానికి పూర్వపు ధరకే ఆ ముడిని 1925లో చర్చిల్ ఆర్థికమంత్రిగా తిరిగి వేశాడు. ఆ ధర ఎక్కువ కావడంవల్ల బొగ్గు, జౌళి ఎగుమతులు దెబ్బతిన్నాయి. ఇంతలో 1931 మే నెలలో వియన్నాలో క్రెడిట్ ఆన్‌స్టాల్ట్ అనే పెద్ద బ్యాంకు కూలింది. జూలైలో జర్మన్ బ్యాంకులు తలుపులు మూశాయి. లండను ఋణదాతల సొమ్ము అక్కడ ఇరుక్కుపోయింది. లండనులో డబ్బు దాచుకున్న విదేశీయులు బెదిరి, తమ పౌనులు ఇచ్చి బంగారం పట్టుకుపోసాగారు.

రోగం బ్యాంకుల్లో పుట్టింది. మందు మాత్రం నిరుద్యోగికి పట్టారు. సర్ జార్జి మే అనే బీమా కంపెనీ పెద్ద అధ్యక్షతన నియమించిన పొదుపు కమిటీ జూలై 31న, సభ వేసవి సెలవులకు చెదిరిపోతున్న వేళ, తన నివేదిక వెలువరించింది. బడ్జెట్టు లోటు 12 కోట్ల పౌన్లు ఉంటుందనీ, ఖర్చులో 9 కోట్ల 60 లక్షలు కోసెయ్యాలనీ చెప్పింది. ఆ కోతలో 6 కోట్ల 65 లక్షలు నిరుద్యోగ బీమా మీదనే పడాలన్నది. కమిటీలోని ఇద్దరు లేబర్ సభ్యులు అసమ్మతి తెలిపినా వారి మాట చెవిని పెట్టినవారు లేరు. దేశం దివాలా తీస్తున్నదని ఇంటిపెద్దలే చాటిన తరువాత బంగారం ఇంకా వేగంగా కదిలిపోయింది.

ఆ ఆగస్టు నెలంతా పార్లమెంటు లేదు. మంత్రులూ, బ్యాంకు ఆఫ్ ఇంగ్లండు అధికారులూ, ప్రతిపక్ష నాయకులూ మూసిన తలుపుల వెనుక మాట్లాడుకున్నారు. పౌనును నిలబెట్టడానికి న్యూయార్కు నుంచీ పారిస్ నుంచీ అప్పు కావాలి. అప్పు పుట్టాలంటే బడ్జెట్టు సరిచేశామని ఋణదాతలకు నమ్మకం కలగాలి. నిరుద్యోగ భృతిని నూటికి పది చొప్పున తగ్గించడం ఆ నమ్మకానికి గురుతైంది. కార్మిక సంఘాల మహాసభ నాయకులు దీనికి ఒప్పుకోలేదు. బెవిన్, సిట్రిన్ గట్టిగా ఎదురు నిలిచారు.

ఆగస్టు 23, ఆదివారం రాత్రి. డౌనింగ్ వీథిలో ప్రధాని ఇంటి తోటలో మంత్రులు తచ్చాడుతూ, న్యూయార్కునుంచి మోర్గన్ బ్యాంకు వారి తంతికోసం ఎదురు చూశారు. ప్రజలెన్నుకున్న మంత్రివర్గం పక్క ఖండపు ఋణదాత జవాబు కోసం చెట్ల కింద కాచుకుని ఉన్న ఆ రాత్రిని మించి ఈ విషయం మీద వ్యాఖ్యానం అక్కరలేదు. తంతి వచ్చింది. ఈ పథకానికి బ్యాంకు ఆఫ్ ఇంగ్లండు, లండను సిటీ మనస్ఫూర్తిగా మద్దతు ఇస్తున్నాయా అని అందులో అడిగారు. ఓటర్ల మద్దతు ఉన్నదా అని మాత్రం ఎవరూ అడగలేదు. భృతి కోతకు మంత్రుల్లో పదకొండుగురు ఒప్పుకున్నారు, తొమ్మండుగురు ఒప్పుకోలేదు. మంత్రివర్గం విరిగిపోయింది. మరునాడు మాక్డొనాల్డు తన పార్టీని విడిచి, కన్సర్వేటివులనూ లిబరల్‌లనూ కలుపుకుని ‘జాతీయ ప్రభుత్వం’ పెట్టాడు. సభ సమావేశమైనది సెప్టెంబరు 8న. అప్పటికి ప్రభుత్వం మారింది, పథకం నిర్ణయమైంది. సభకు మిగిలింది ముద్ర వెయ్యడం.

ఆ ముద్ర కూడా పరుగుమీద వేయించారు. జాతీయ పొదుపు చట్టమని ఒకటి చేసి, విద్య, పోలీసు, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా వంటి శాఖలలో కోతలను ప్రభుత్వోత్తరువులతోనే అమలు జరిపే అధికారాన్ని పార్లమెంటు మంత్రుల చేతికిచ్చింది. మగవాడి వారపు భృతి 17 షిల్లింగులనుంచి 15 షిల్లింగుల 3 పెన్నీలకు దిగింది. బీమా హక్కు తీరిపోయినవారికి ఇంటి ఆదాయపు విచారణ వచ్చింది. కొడుకు కూలి ఎంత, ఇంట్లో ఏమేమి ఉన్నవి అని అధికారి గడప దాటి చూసేవాడు. ‘త్యాగంలో సమానత్వం’ అన్నది ఆనాటి నినాదం. ఆదాయపు పన్ను కూడా పౌనుకు నాలుగున్నర షిల్లింగులనుంచి అయిదుకు పెంచిన మాట నిజమే. అయితే పన్ను కట్టగలిగినవాడి అర షిల్లింగు, పూట గడవనివాడి రెండు షిల్లింగులు ఒక్కటే తూకం తూగుతాయా? ఇక్కడే ‘మనం’ అన్న మాటలోంచి ‘మేము’ బయటపడుతుంది.

ఈ కోతలను కొంతైనా తగ్గించినవారు సభ్యులు కారు, నావికులు. ఇన్వర్‌గోర్డన్ రేవులో అట్లాంటిక్ నౌకాదళపు నావికుల్లో పాత జీతగాళ్ళకు రోజుకు 4 షిల్లింగులనుంచి 3కు తగ్గిస్తున్నారని తెలిసింది. సెప్టెంబరు 15, 16 తేదీల్లో వారు ఓడలు కదపడానికి నిరాకరించారు. ప్రభుత్వం దిగివచ్చి, కోత నూటికి పదికి మించకుండా సవరించింది. ఉపాధ్యాయులకు ఆ మేలు దక్కింది. వారి పదిహేను శాతం పది అయింది. సభలో వినపడని గొంతు వినపడడానికి ఓడలు ఆగవలసి వచ్చింది.

మరి ఇన్ని కోతలూ దేనికోసం? సువర్ణ ప్రమాణాన్ని కాపాడడానికి. సెప్టెంబరు 21న అదే జాతీయ ప్రభుత్వం ఆ సువర్ణ ప్రమాణాన్నే వదులుకున్నది. దానికి కావలసిన చట్టం ఒక్క రోజులో అన్ని దశలూ దాటింది. 4.86 డాలర్లు పలికిన పౌను ఏడాది చివరికి మూడున్నర డాలర్ల లోపుకు దిగింది. ఆకాశం విరిగి పడలేదు. మరుసటి ఏడు బ్యాంకు వడ్డీ నూటికి రెండుకు తగ్గింది. నెల క్రితం తలపెట్టడానికే వీలులేదన్న దారి రాచబాట అయింది. ఆ దారి ఉందని ముందే ఎవరికీ తెలియదని అనుకోకూడదు. సుంకాలు వేద్దామని కెయిన్స్ అంతకుముందే వాదించాడు. పౌను విలువ తగ్గించవచ్చునని బెవిన్ సూచించి ఉన్నాడు. ఆ మార్గాలు సభ ముందుకు సకాలంలో రాలేదు. నా దృష్టిలో 1931లో జరిగిన అసలు నష్టం ఇది. కష్టకాలంలో త్వరపడడం తప్పు కాదు; దోచుకుపోతున్న ఖజానా ముందు నెలల తరబడి ఉపన్యాసాలు చెప్పుకోమని ఎవరూ అనరు. కాని ఒక్కటే దారి ఉందని చెప్పి సభ చేత తల ఊపించినప్పుడు ప్రతినిధి సాక్షిగా మారిపోతాడు.

‘అక్టోబరు 27 ఎన్నికలలో ప్రజలే దీన్ని ఆమోదించారు గదా’ అని అడగవచ్చు. ఆమోదించారు. 615 స్థానాల సభలో జాతీయ ప్రభుత్వ పక్షానికి 554 వచ్చాయి. అయితే ఆ ఎన్నిక జరిగింది నిర్ణయాలన్నీ అయిపోయిన తరువాత. పోస్టాఫీసులో దాచుకున్న చిన్న మొత్తాలు లేబర్ పాలనలో మునిగిపోతాయని ఓటరును భయపెట్టారు. సుమారు ముప్పై శాతం ఓట్లు వచ్చిన లేబర్ పక్షానికి దక్కినవి 52 స్థానాలు. భయంలో వేసిన ఓటూ ఓటే. కాని అది జరిగినదానికి రసీదు, జరగబోయేదానికి అనుమతి కాదు.

పాలించే జాతికే ఇంత మాత్రపు ప్రాతినిధ్యం దక్కితే, పాలితులకు దక్కింది ఏపాటిదో చూడండి. 1927 నుంచి మన రూపాయి విలువను 1 షిల్లింగు 6 పెన్నీలుగా కట్టిపెట్టారు. అది ఎక్కువ, 1 షిల్లింగు 4 పెన్నీలు చాలునని భారతీయ వర్తకులు మొత్తుకున్నారు. సెప్టెంబరు 21న పౌను జారిపోగానే సిమ్లాలో గవర్నర్ జనరల్ ఆర్డినెన్సు జారీ చేశాడు. బంగారం గాని పౌనులు గాని అమ్మే బాధ్యతనుంచి ప్రభుత్వాన్ని అది తప్పించింది. అదే రోజు లండనులో ఇండియా మంత్రి శామ్యూల్ హోర్, రూపాయి పాత రేటుకే పౌనును అంటిపెట్టుకుని ఉంటుందని ప్రకటించాడు. సిమ్లా ఉత్తరువు మూడు రోజుల్లో మారి లండను మాటే నెగ్గింది. కేంద్ర శాసనసభ అప్పుడు సిమ్లాలో కూర్చునే ఉంది! నవంబరులో అదనపు పన్నుల బిల్లు తెచ్చారు. ఉప్పు పన్నుతో సహా పన్నుల మీద నాలుగో వంతు హెచ్చు. ఉప్పు సత్యాగ్రహం జరిగి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. కాంగ్రెసువారు లేని, కొద్దిమంది ఓటర్ల మీద నిలబడ్డ ఆ సభ సైతం దాన్ని తోసిపుచ్చింది. వైస్రాయి తన ప్రత్యేకాధికారంతో బిల్లును చట్టం చేశాడు.

ఇక పల్లెల సంగతి. ధాన్యం ధర సగానికి సగం పడిపోయింది. శిస్తు, వడ్డీ మాత్రం పాత రూపాయల్లోనే చెల్లించాలి. కృష్ణా, గోదావరి జిల్లాల్లో శిస్తు రూపాయికి మూడణాల చొప్పున పెంచాలన్న రీసెటిల్‌మెంటు ప్రతిపాదనపై రైతులు అప్పటికే ఆందోళన చేస్తున్నారు. పౌను బంగారం నుంచి విడివడడంతో బంగారం ధర పెరిగింది. అప్పులపాలైన ఇళ్ళలోంచి నగలు కంసాలి కొట్టుకూ, షావుకారు పెట్టెకూ, అక్కడనుంచి బొంబాయి ఓడలకూ చేరాయి. కొన్నేళ్ళలో వందల కోట్ల రూపాయల బంగారం ఈ దేశంనుంచి వెళ్ళిపోయింది. లండనులో పౌను కోలుకోవడానికి ఆ బంగారం ఎంతో సాయపడింది. కాసులపేరు తీసి ఇచ్చిన ఇల్లాలికి ఏ సభలోనూ ఓటు లేదు. ‘త్యాగంలో సమానత్వం’ జాబితాలో ఆమె పేరు లేదు.

అరవై ఏళ్ళకు మళ్ళీ బంగారం దేశం దాటింది. ఈసారి స్వతంత్ర భారతం పంపింది. 1991లో విదేశీ మారకం కొద్ది వారాల దిగుమతులకు సరిపడే స్థితికి వచ్చింది. రాజీనామా చేసిన ప్రభుత్వం, పూర్తి బడ్జెట్టు లేని పార్లమెంటు, నడుమ ఎన్నికలు. మే నెలలో 20 టన్నులు, జూలైలో సుమారు 47 టన్నుల బంగారం విదేశీ బ్యాంకుల పాలైంది. ఆ జూలై వాటా చేరినచోట్లలో బ్యాంకు ఆఫ్ ఇంగ్లండు ఒకటి. జూన్ 21న ప్రధాని అయిన మన పి.వి. నరసింహారావు అప్పటికి ఏ సభలోనూ సభ్యుడు కాడు. నంద్యాలనుంచి లోక్‌సభకు వచ్చింది నవంబరులో. జూలై 1, 3 తేదీల్లో రూపాయి విలువ తగ్గించారు. విశ్వాస తీర్మానం నెగ్గింది జూలై 15న. బడ్జెట్టు వచ్చింది 24న. ముందు నిర్ణయం, తరువాత సభ అన్న పాత వరుసే ఇక్కడా కనిపిస్తుంది. అయితే ఒక్క విషయంలో తేడా ఉంది. బడ్జెట్టులో ఎరువుల ధర నూటికి నలభై పెంచారు. పార్లమెంటులో స్వపక్షం వారు సైతం గొడవ చేస్తే అది ముప్పైకి దిగింది. చిన్న, సన్నకారు రైతులకు పెంపు వర్తించకుండా మినహాయింపు వచ్చింది. తమ ఊళ్ళకు తిరిగి వెళ్ళవలసిన సభ్యులు మాట్లాడారు, ధర కదిలింది. దానికోసం ఏ ఓడా ఆగనక్కరలేకపోయింది.

ఈ చిన్న గెలుపును నేను చిన్నది అనుకోను. సభకు ముందుగా లెక్కలు చూపి, ఒకటికి రెండు దారులు దాని ఎదుట పెడితే, కష్టం ఎవరి ఇంట పడుతున్నదో చెప్పగలవారు అందులో ఎప్పుడూ ఉంటారు. వారిని అడగకపోవడానికే సంక్షోభం ఒక సాకు అవుతూ వచ్చింది. కనుక మళ్ళీ ఎప్పుడైనా ఖజానా ఖాళీ అయిందన్న మాట వినపడితే, ‘మనం కష్టపడాలి’ అని చెప్పే పెద్దలను మనం మూడు ప్రశ్నలు అడగాలి. అప్పిచ్చేవాడు పెట్టిన షరతు ఏమిటి? మీరు చూసి వదిలేసిన రెండో దారి ఏది? ఈ సంగతి సభకు ఏ తేదీన చెప్పారు?