అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా
హైదరాబాద్‌లో లక్డీకాపూల్‌కు దగ్గరలో, రాజ్‌భవన్ రోడ్డు పక్కనున్న బెల్లావిస్టాలో నడుస్తున్న మేనేజ్‌మెంట్ శిక్షణ సంస్థ. ఈ భవనం ఒకప్పుడు బేరార్ యువరాజు నివాసం. ఇంగ్లండ్‌లోని హెన్లీ కాలేజీ నమూనాలో 1956లో ఏర్పడిన ఈ సంస్థకు మాజీ సైన్యాధిపతి జనరల్ ఎస్.ఎం. శ్రీనగేశ్ తొలి ప్రిన్సిపాల్.

హెన్లీ నుంచి వచ్చిన ‘సిండికేట్’ పద్ధతి దీని ప్రత్యేకత. ప్రభుత్వాధికారి, ప్రభుత్వరంగ ఇంజనీరు, ప్రైవేటు కంపెనీ మేనేజరు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒక సమస్యను తేల్చాలి. అంశం మారితే ఆ బృందం అధ్యక్షుడూ మారతాడు. సొంత ఆఫీసులో తన మాటకు తిరుగులేని పెద్దసారు ఇక్కడ తన కింద పనిచేయని వాళ్లను ఒప్పించుకోవాలి; అది అంత తేలిక కాదు. కంపెనీ సంస్కృతి మారాల్సింది కూడా సరిగ్గా ఈ తిరుగులేని పెత్తనం దగ్గరే: కింది ఉద్యోగి భయం లేకుండా లోపం ఎత్తిచూపగలిగినప్పుడే నాణ్యత నియమాలు ఫైళ్లు దాటి పనిలోకి వస్తాయి. శిక్షణతో పాటు ప్రభుత్వాలకు, సంస్థలకు సలహా సేవలూ ఈ కాలేజీ అందిస్తుంది.