కంటి శుక్లము – శలాకనుండి కటకము వరకు

అరచేతిని కనుబొమలకు అడ్డుపెట్టుకొని, ఎదుట వచ్చు మనిషిని పోల్చుకొన యత్నించు ముసలివారు మిడుతూరు ప్రాంతపు పల్లెలలో మనకు క్రొత్త కాదు. అడిగినచో “కండ్లకు పొర కమ్మింది” అందురు. నిజమునకు అది పొర కాదు. కంటిపాప వెనుకనున్న స్వచ్ఛమైన కటకమే మసకబారి శుక్లమగును.

దీనికి శస్త్రచికిత్స మన దేశమున మిక్కిలి ప్రాచీనము. సుశ్రుత సంహిత దీనిని లింగనాశమని పేర్కొన్నది. యవగింజవంటి మొనగల శలాకతో కంటిని పొడిచి, రోగిని ఒక ముక్కురంధ్రము మూసి చీదుమని, పిమ్మట నేతితో కట్టుకట్టి వెల్లకిల పరుండబెట్టుమని అందు విధించిరి. తుమ్ము, దగ్గు సయితము కూడదు! తరువాతి కాలమున ఊరూర తిరుగు వైద్యులు కటకమును సూదితో చూపుదారినుండి లోపలికి త్రోయుచుండిరి. కట్టు విప్పగనే రోగి తనవారిని గుర్తించును. వైద్యుడు రుసుము పుచ్చుకొని పొరుగూరికి సాగును. పిదప కన్ను చీముపట్టినను, నీటికాసులు వచ్చినను అడుగుటకు ఆయన ఉండడు.

1819లో వెలసిన మద్రాసు కంటి ఆసుపత్రికి అధిపతిగా పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఎలియట్ ఇట్టి కన్నులను వందలకొలది పరిశీలించి, 1917లో లండనులో ఉపన్యసించెను. కర్నూలు జిల్లా నాడు మద్రాసు రాజధానిలోనిదే. తిరుగువైద్యులను ఆయన నిందించుట న్యాయమే. కాని ఎద్దులబండిపై మద్రాసు ఎన్ని ఆమడలో కూడ తలచవలెనని మాకు తోచును.

కటకమును వెలికితీయు పద్ధతిని ఫ్రాన్సు వైద్యుడు జాక్ దావియెల్ 1747లోనే ఆరంభించెను. అయితే ఆపైన దళసరి అద్దములు తప్పవు. రెండవ ప్రపంచయుద్ధమున విమానచోదకుల కండ్లలో గుచ్చుకొన్న పెర్‌స్పెక్స్ ముక్కలు కంటికి కీడు చేయకుండుట గమనించిన హెరాల్డ్ రిడ్లే, 1949 నవంబరు 29న లండనులో కృత్రిమ కటకమును అమర్చెను. తోటి వైద్యులు చాలకాలము మెచ్చలేదు. నేడు అదే సామాన్య చికిత్స.

శుక్లమునకు వయస్సు ముఖ్యకారణము. మధుమేహము, పొగత్రాగుట తోడగును. ఎండ పాలు ఎంత? అమెరికాలో చెసపీక్ అఖాతపు జాలరులను పరీక్షించి 1988లో ప్రకటించిన పరిశోధన, అతినీలలోహిత కిరణములు ఒక విధమగు శుక్లమును పెంచునని తేల్చినది. కావున తలగుడ్డ అంచును నుదుటిపైకి దించుకొను మన రైతు చేయుచున్నది మంచిపనియే. చలువ అద్దములు కొనువారు, అవి ఆ కిరణములను ఆపునా యని అడిగి కొనవలెను. వట్టి నలుపురంగు చాలదు.

శుక్లము ముదురువరకు ఆగవలెనన్నది పాతమాట. పనికి అడ్డువచ్చిననాడే వైద్యుని చూడవచ్చును. చుక్కలమందుతో శుక్లము కరగునని నమ్మి ఏండ్లు గడుపువారు ఇంకను కలరు. అట్టి మందు నేటివరకు లేదు.