తెరచాపలో చాప ఎందుకుంది?

తెరచాప అనే మాటని ఎప్పుడైనా విడగొట్టి చూశారా? తెర + చాప. గాలికి అడ్డంగా కట్టేది కాబట్టి తెర, సరే. మరి గుడ్డకి చాప అని పేరెందుకు? ఒకప్పుడు హిందూ మహాసముద్రం మీద తిరిగిన ఓడల్లో చాలావాటికి ఆకులతో అల్లిన చాపలే కట్టేవాళ్ళు. తర్వాత గుడ్డ వచ్చింది, మాట మాత్రం మారలేదు అని నా ఊహ. ఫ్లాపీలు పోయినా సేవ్ బటన్ మీద ఫ్లాపీ బొమ్మ మిగిలినట్టు!

మన కృష్ణా తీరానికి ఓడలు కొత్తేం కాదు. ఘంటసాల ప్రాకృత శాసనంలో శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు. మహా + నావిక, ఇదీ సమాసమే. సాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంది. ఇక బందరు అంటేనే పారశీకంలో రేవు. అంటే "బందరు పోర్టు" అన్నప్పుడల్లా మనం రేవు రేవు అంటున్నామన్నమాట. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఏలూరు కాలవలో, బందరు కాలవలో సరుకుల పడవలు తిరిగాయి. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు మీంచి తాడేసి లాగడమే.

ఇప్పుడు ఉచ్చారణ సంగతి. ఇంగ్లీషులో ఒక అక్షరం మీద ఊనిక పడితే పక్కది నలిగిపోతుంది. మెయిన్ + సెయిల్ ని నావికులు "మెయిన్‌సుల్" చేశారు. ఫోర్ + కాసిల్ "ఫోక్‌సుల్" అయిపోయింది. సెయిలూ, కాసిలూ రెండూ మునిగాయి! తెలుగులో మాటల్ని వేరుచేసేది ఊనిక కాదు, నిడివి. తె-ర-చా-ప: లఘువు, లఘువు, గురువు, లఘువు. ఛందస్సు భాషలో "సల", ఇంద్రగణాల్లో ఒకటి. గబగబా పలికినా ఆ దీర్ఘం నిలబడుతుంది కాబట్టే లోపలున్న చాప ఇంకా వినిపిస్తోంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తెలుగు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లీషు ఊనిక సూత్రాలు తెచ్చి తెలుగుకి అతికిస్తే "చా" కాస్తా "చ" అవుతుంది. కాలవల్లో ఆ పడవలు ఎలాగూ పోయాయి. మాటలో మిగిలిన చాపని కూడా మనమే చింపేస్తే ఆ కాలానికి మన భాషలో ఉన్న గుర్తు కూడా పోతుంది. కోడ్ రాసే ముందు ఒక్కసారి గురులఘువులు చూసుకుందాం. ఏమంటారు?