ఆధునిక చిత్రకళలో మాతృత్వం: సంఘకాపరులకు ఒక పరిశీలన

ప్రస్తావన

క్రైస్తవ చిత్రకళలో తల్లి అనగానే శతాబ్దాల తరబడి మరియ, ఆమె చేతుల్లోని శిశువే కనిపించారు. ఇటలీ చిత్రకారుడు రఫాయేలు 1512 ప్రాంతంలో గీసిన సిస్టీన్ మడొన్నాలో ఆమె మేఘాల మీద నడిచి వస్తుంది. 20వ శతాబ్దపు కళాకారులు ఆ తల్లిని నేల మీదికి దించారు. భక్తి సన్నగిల్లినందువల్లనే ఈ మార్పు వచ్చిందని కొందరు భావిస్తారు. మేము అలా తలంచడం లేదు.

బిడ్డను కోల్పోయిన తల్లి

జర్మనీ కళాకారిణి కేథె కోల్విట్జ్ (1867–1945) బోధకుని మనుమరాలు. ఆమె తల్లి తండ్రియైన యూలియస్ రుప్ అధికార సంఘం నుండి తొలగింపబడి, స్వతంత్ర సంఘాన్ని స్థాపించాడు. 1903లో కోల్విట్జ్ తన ఏడేండ్ల కుమారుడు పీటర్‌ను ఒడిలో ఉంచుకొని, అద్దంలో చూచుకొంటూ, చనిపోయిన బిడ్డను హత్తుకొన్న తల్లి బొమ్మ గీసింది. అందులో కాంతివలయం లేదు, దేవదూతలు లేరు. 1914 అక్టోబరులో ఆ పీటరే యుద్ధంలో మరణించాడు. మత్తయి 2:18లోని రాహేలు దుఃఖమే ఈ చిత్రంలో మనకు కనబడుతుంది.

ముఖం లేని తల్లి

హైదరాబాదులో సినిమా ఘర్ నెలకొల్పిన ఎం.ఎఫ్. హుస్సేన్ (1915–2011) పసితనంలోనే తల్లిని పోగొట్టుకొన్నారు. ఆమె ముఖం ఆయనకు జ్ఞాపకం లేదు. 1980వ దశకంలో ఆయన వేసిన మదర్ తెరెసా చిత్రాలలో నీలి అంచు తెల్లచీర ఉంది, ఒడిలో శిశువు ఉన్నాడు; ముఖం ఉండవలసిన చోటు మాత్రం ఖాళీ. అందువల్లనే ఆమె ఎవరి తల్లియైనా కావచ్చు.

మన సంఘాలకు అన్వయం

లూకా చూపించిన మరియ పేదరాలు. ఆమె అర్పణ పక్షుల జత (2:24). ఆమె ముందున్నది హృదయాన్ని చీల్చే వేదన (2:35). కాబట్టి ఆధునికులు మరియను విడిచిపెట్టలేదు, లూకా మరియకు దగ్గరయ్యారని మా అభిప్రాయం.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత పల్లెల నుండి తల్లులు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి వెళ్తారు. బిడ్డలు బడి మాని వెంట పోతారు, లేదా అవ్వ దగ్గర మిగిలిపోతారు. మదర్స్ డే నాడు మనం త్యాగమూర్తియని పొగిడే తల్లి ఆ ఆదివారం ఆరాధనకు రాలేకపోవచ్చు. పొగడ్త ఆమెను మళ్లీ మేఘాల మీదికే ఎక్కిస్తుంది. సుగ్గికి పోయిన తల్లి పేరు, ఆమె బిడ్డ ఎవరి దగ్గర ఉన్నాడో, ఏమి తింటున్నాడో సంఘకాపరికి తెలిసియుండాలి. ఆ ఖాళీ ముఖాన్ని పోల్చుకోవడం అక్కడే మొదలవుతుంది.