తెలుగు పోస్ట్‌కార్డు మన ఇంట్లోనే: వర్డ్‌లో తయారీ, ముద్రణ, టపా

ఉగాదికో, సంఘం వార్షికోత్సవానికో, ఇంట్లో పెళ్లికో నాలుగు ముక్కలు తెలుగులో అచ్చు వేయించాలంటే మన ఊళ్లలో పెద్ద పనే. డీటీపీ షాపులో కూర్చున్న కుర్రవాడికి కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో వస్తుంది. తెలుగు అక్షరం రాదు. ‘శ్రీ’ విడిపోయినా, ‘క్ష’ రెండు ముక్కలైనా అతనికి తెలియదు. వంద కార్డులు చేతికొచ్చాక గాని తప్పు మన కంటపడదు.

ఇంట్లో కంప్యూటరు, అందులో మైక్రోసాఫ్ట్ వర్డ్ గాని, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ రైటర్ గాని ఉంటే ఆ షాపు మీద ఆధారపడనక్కర్లేదు. నాలుగు కార్డులైనా నలభై కార్డులైనా మనమే తయారు చేసుకోవచ్చు. పద్ధతి వరుసగా ఇక్కడ ఇస్తున్నాం.

కార్డు కొలత

మన దేశంలో పోస్ట్‌కార్డు 1879 జూలై 1న మొదలైంది. అప్పటి వెల పావు అణా. ఇప్పుడు తపాలా శాఖ అమ్మే కార్డు కొలత 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. మనం చేసుకునే కార్డు కూడా ఈ కొలత దాటకుండా ఉండాలి. మందం ఆ కార్డుకు తగ్గకూడదు.

ఏ4 కాగితం 29.7 × 21 సెంటీమీటర్లు. అడ్డంగా పెడితే ఒక్కో కాగితానికి సరిగ్గా నాలుగు కార్డులు వస్తాయి. పొడవున రెండు (28 సెం.మీ.), ఎత్తున రెండు (18 సెం.మీ.).

తెలుగు టైపు, ఫాంటు

పాత డీటీపీ షాపుల్లో వాడే అను వంటి ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. అందుకని యూనికోడ్ తెలుగే వాడండి. విండోస్‌లో నిర్మలా యూఐ, పాత విండోస్‌లో గౌతమి ఫాంట్లు ముందే ఉంటాయి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురన్న, నోటో సెరిఫ్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర బాగుంటుంది. లోపలి మాటలకు మండలి గాని నోటో గాని చాలు.

టైపు చేయడానికి విండోస్ సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’కు వెళ్లి తెలుగు చేర్చుకోండి. ఇన్‌స్క్రిప్ట్ రాని వారికి ఉచ్చారణ ప్రకారం కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కొత్త విండోస్‌లో ఉంది. అదీ కష్టమైతే ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్‌తో చెప్పి, ఆ మాటలను మీకే మెయిల్ చేసుకుని వర్డ్‌లో అతికించండి. ఫోను తప్పు విన్నచోట్ల దిద్దుకోవడం మరవకండి.

మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒకటి, ఫాంటు మార్చినా అక్షరం మారకపోతే కంట్రోల్, డి మీటలు కలిపి నొక్కండి. తెరుచుకునే పెట్టెలో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అనే చోట తెలుగు ఫాంటు, సైజు వేరుగా ఇవ్వాలి. లిబ్రే ఆఫీస్‌లో అయితే టూల్స్, ఆప్షన్స్‌లోని భాషల విభాగంలో ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ కింద తెలుగు ఎంచుకోవాలి.

రెండు, మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. లైన్ స్పేసింగ్ 1.2 నుంచి 1.3 వరకు ఉంచండి. ‘ఎగ్జాక్ట్‌లీ’ అని పెడితే గుడులు తెగిపోతాయి.

మూడు, బయటి ఊరి పేర్ల చివర పొల్లు వస్తుంది. ‘షోలాపూర్’ పక్కన ‘లో’ కొడితే ‘షోలాపూర్లో’ అని కలిసిపోతుంది. ‘షోలాపూర్‌లో’ అని రావాలంటే ‘ర్’ తర్వాత 200 అంకె, దాని పక్కనే ఇంగ్లీషు సి అక్షరం కొట్టి, ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కండి. కంటికి కనపడని గుర్తు ఒకటి పడి, పొల్లు పొల్లుగానే నిలుస్తుంది.

పేజీ అమరిక

లేఅవుట్‌లో ఏ4, ల్యాండ్‌స్కేప్ ఎంచుకోండి. మార్జిన్లు ఎడమ, కుడి 0.85 సెం.మీ., పైన 1.5, కింద 1.3 పెట్టండి.

మొదటి పేజీ బొమ్మ వైపు. రెండు నిలువు గళ్లు, రెండు అడ్డ వరుసలు ఉన్న టేబుల్ చేర్చండి. టేబుల్ ప్రాపర్టీస్‌లో గడి వెడల్పు 14, వరుస ఎత్తు 9 సెంటీమీటర్లు ఇచ్చి, ఎత్తు దగ్గర ‘ఎగ్జాక్ట్‌లీ’ ఎంచుకోండి. టేబుల్‌ను పేజీ మధ్యకు (సెంటర్) పెట్టండి. గడి లోపలి మార్జిన్లు నాలుగు వైపులా 0.4 సెం.మీ. ఇవ్వండి. ‘ఆటోమేటిక్‌గా రీసైజ్’ అనే టిక్ తీసేయండి.

రెండో పేజీ చిరునామా వైపు. ఇక్కడ నాలుగు నిలువు గళ్లు, రెండు వరుసలు. ఒక్కో గడి 7 × 9 సెంటీమీటర్లు. పక్కపక్కనున్న రెండేసి గళ్లు కలిస్తే ఒక కార్డు. ఎడమ గడి మాటలకు, కుడి గడి చిరునామాకు.

టేబుల్ తర్వాత వర్డ్ ఒక ఖాళీ పంక్తి వదులుతుంది. అది అక్కర్లేని మూడో పేజీని తెస్తే, ఆ పంక్తి ఫాంటు సైజు 1 చేయండి.

బొమ్మ వైపు

బజారులో దొరికే బొమ్మలకన్నా మన ఊరి బొమ్మ మేలు. బళ్ళారి కోటగుట్ట, మదురైలో తిరుమల నాయకుని మహలు, తెలుగు తాళపత్రాలున్న తంజావూరు సరస్వతీ మహలు, బరంపురం పట్టుచీర, షోలాపూర్ దుప్పటి, యానాం గోదావరి గట్టు. మీరే తీసిన ఫొటో వాడితే హక్కుల చిక్కు ఉండదు. కింద ఒక పంక్తిలో ఊరి పేరు, బొమ్మ వివరం తెలుగులో రాయండి. దూరాన ఉన్న చుట్టాలకు అదే కబురు.

ఫొటో 13 × 7.2 సెంటీమీటర్లు ఉంటే కింద వివరానికి చోటు మిగులుతుంది. అచ్చులో స్పష్టంగా రావాలంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున సుమారు 1540 × 850 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో చిక్కిపోతుంది. ‘డాక్యుమెంట్’గా పంపించుకోండి. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో బొమ్మలను కుదించవద్దనే టిక్ పెట్టండి. ఫొటో సన్నని పట్టీలా మాత్రమే కనిపిస్తే, ఆ పంక్తి లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’లో ఉందన్నమాట. ‘సింగిల్’ చేస్తే సరిపోతుంది.

చిరునామా వైపు

కుడి గడిలో పై మూల స్టాంపుకు చోటు, దాని కింద నాలుగు గీతలు, అడుగున పిన్‌కోడ్‌కు ఆరు చిన్న గళ్లు పెట్టండి. తపాలా శాఖ చిహ్నాన్ని కాపీ చేసి వేయకండి.

కార్డులో మాటలు తెలుగులో ఎన్నయినా రాయవచ్చు. చిరునామా మాత్రం కార్డు చేరే ఊళ్లో పోస్ట్‌మన్ చదవగలిగే లిపిలో, లేదా ఇంగ్లీషులో ఉండాలి. బరంపురం వెళ్లే కార్డు మీద ఒడియా గాని ఇంగ్లీషు గాని, యానాం వెళ్లేదాని మీద తెలుగు.

పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15 నుంచి అమల్లో ఉంది. మొదటి అంకె ప్రాంతాన్ని చెబుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు 5, తమిళనాడుకు 6, ఒడిశాకు 7, మహారాష్ట్రకు 4. యానాం పాలన పుదుచ్చేరిదే. అయినా దాని పిన్ పుదుచ్చేరిలా 605తో మొదలు కాదు. గోదావరి జిల్లాల వరుసలో 533464. ఇక్కడ చాలామంది పొరబడతారు.

కాగితం, ముద్రణ

నున్నగా మెరిసే ఫొటో కాగితం మీద బాల్‌పెన్ను పట్టదు. మెరుపు లేని మందపాటి కార్డు కాగితం తీసుకోండి. మీ ప్రింటరు ఎంత మందం లాగగలదో దాని పుస్తకంలో చూసుకోండి. ఇంక్‌జెట్ సిరా వానకు తడిస్తే కారుతుంది కనుక చిరునామా బాల్‌పెన్నుతో రాయండి. లేజర్ అచ్చుకు ఆ బాధ లేదు.

ముందు మామూలు కాగితం మీద ఒకటి తీసి చూడండి. అందులో శ్రీ, స్త్రీ, కృష్ణ, లక్ష్మి, జ్ఞానం అనే మాటలు వేసి చూస్తే ఫాంటు బాగోగులు తెలిసిపోతాయి. అక్షరం పక్కన చుక్కల సున్న కనిపిస్తే ఎక్కడో గుణింతం తప్పు పడిందని అర్థం.

ప్రింట్ పెట్టెలో స్కేల్ 100 శాతం ఉండాలి. ‘ఫిట్ టు పేజ్’ ఉంటే కొలత తగ్గుతుంది. రెండు వైపులా వేసేటప్పుడు ‘ఫ్లిప్ ఆన్ షార్ట్ ఎడ్జ్’ ఎంచుకోండి. నాలుగు కార్డుల మీద వేరువేరు బొమ్మలుంటే ఒక జాగ్రత్త. కాగితం తిరగేసినప్పుడు ఎడమ కార్డు వెనుక భాగం కుడి వైపుకు వస్తుంది. చివరికి స్కేలు, కట్టర్ పెట్టి కోయండి.

ఇంట్లో ప్రింటరు లేకపోతే ఫైలును పీడీఎఫ్‌గా సేవ్ చేసి షాపుకు తీసుకెళ్లండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉంటుంది. షాపతనికి తెలుగు రాకపోయినా అక్షరం చెడదు. వర్డ్ ఫైలు మాత్రం ఇవ్వకండి.

స్టాంపు

తపాలా శాఖ మామూలు కార్డు వెల 50 పైసలు. అది చేత్తో రాసే ఉత్తరానికి. సమాచారం అచ్చు వేసిన కార్డుకు 6 రూపాయలు. 50 పైసల కార్డు మీద ప్రింటరుతో కబురు అచ్చు వేసినా ముద్రిత కార్డు కిందికే వస్తుంది. స్టాంపు తక్కువైతే అందుకునేవారి దగ్గర డబ్బు వసూలు చేస్తారు. రేట్లు మారుతుంటాయి కనుక ఎక్కువ సంఖ్యలో వేసేముందు ఒక నమూనా కార్డు పోస్టాఫీసు కౌంటర్లో చూపించి అడగడం మంచిది.

పిల్లల కోసం చోటు వదలండి

ఎడమ గడి అంతా అచ్చుతో నింపకండి. సగం చాలు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో వేరే లిపి నేర్చుకుంటారు. చాలామందికి తెలుగులో సంతకం కూడా రాదు. గడి అడుగున పిల్లవాడి పేరు 28 సైజులో, లేత బూడిద రంగులో అచ్చు వేయండి. వాడు పెన్నుతో దాని మీద దిద్దితే చాలు, కార్డు వాడిదవుతుంది. పండగకు నాలుగు కార్డులు పంపితే నాలుగుసార్లు దిద్దుతాడు. రెండో ఏడాది బూడిద అక్షరాలు తీసేసి ఒట్టి గీత ఉంచండి.

తాతకో అమ్మమ్మకో ఆ కార్డు చేరితే, జవాబు కూడా తెలుగులోనే రాయమని చెప్పండి. జవాబు చదవడానికైనా పిల్లవాడు ఇంకో నాలుగు అక్షరాలు నేర్చుకుంటాడు.