1974లో బూజు పట్టిన మొక్కజొన్న: మన పుస్తకాల్లో ఒక్క వాక్యంగా మిగిలిపోయిన చరిత్ర

పోస్టు కొంచెం పెద్దదే. ఓపికగా చదవండి. ముఖ్యంగా ఇంట్లో మొక్కజొన్న దాచుకునేవాళ్లు చివరిదాకా చదవండి.

మొన్న దసరా సెలవులకి ఊరెళ్లాను. మా కొత్త సిమెంటు ఇంట్లో వెనక గదిలో మూడు బస్తాల మొక్కజొన్న ఉంది. ప్లాస్టిక్ బస్తాలు, నేల మీదే, గోడకి ఆనించి పెట్టారు. ఈసారి కోత టైములో వాన వదల్లేదు, గింజలు సరిగ్గా ఎండలేదు. ఒక బస్తా మూతి విప్పగానే ముక్క వాసన కొట్టింది. లోపల గింజల మీద పసుపు, ఆకుపచ్చ కలిసిన పొడి లాంటి బూజు. అమ్మ చూసి "కడిగి ఎండేస్తే పోద్ది, పిండి ఆడించేద్దాం" అంది. నాకు కాలేజీలో విన్న ఒక మాట గుర్తొచ్చింది. వద్దన్నాను. ఇంట్లో గొడవ అయింది. ఆ గొడవ ఎలా తేలిందో చివర్లో చెప్తాను. ముందు ఆ మాట సంగతి.

మా మేడం బూజుల పాఠం చెప్తూ "1974లో పశ్చిమ భారతదేశంలో అఫ్లటాక్సిన్ వల్ల చాలామంది చనిపోయారు" అని ఒక్క వాక్యం చెప్పి ముందుకెళ్లిపోయారు. పరీక్షకి ఆ ఒక్క వాక్యం చాలు. కానీ ఆ "చాలామంది" ఎవరు అని నేను లైబ్రరీలో వెతికాను. వాళ్లు మనవాళ్లే. రాజస్థాన్‌లో బాన్స్‌వాడా జిల్లా, గుజరాత్‌లో అప్పటి పంచమహల్ జిల్లా. ఎక్కువగా భిల్లులు ఉండే ప్రాంతం. 1913లో బ్రిటిష్ సైన్యం భిల్లుల మీద కాల్పులు జరిపిన మాన్‌గఢ్ కొండ మన గ్రూపులో చాలామందికి తెలుసు కదా, అదీ ఆ బాన్స్‌వాడా వైపే. కాల్పుల చరిత్రని మనం గుర్తుపెట్టుకున్నాం. తిండి వల్ల పోయినవాళ్ల చరిత్ర మాత్రం మనదాకా రాలేదు.

అసలు ఏం జరిగిందంటే, అక్కడి ఆదివాసీలకి మొక్కజొన్న రొట్టే ప్రధాన తిండి. 1974లో కోతల ముందు అకాల వర్షాలు పడ్డాయి. పొత్తులు తడిశాయి. తడి గింజనే ఇళ్లల్లో దాచుకున్నారు. దానికి బూజు పట్టింది. ఆ ఏడాది చివర్లో ఊళ్లల్లో ముందుగా కుక్కలకి జబ్బు చేసింది. అవి కూడా ఆ ఇంటి రొట్టె ముక్కలే తిన్నాయి మరి. తర్వాత మనుషులకి మొదలైంది. కళ్లు పచ్చబడడం, పొట్టలో నీరు చేరి ఉబ్బిపోవడం, అది కూడా చాలా వేగంగా. 200కి పైగా గ్రామాల్లో ఇదే పరిస్థితి. 397 మందికి జబ్బు చేస్తే 106 మంది చనిపోయారు. అంటే ప్రతి నలుగురిలో ఒకరికి పైనే.

పచ్చకామెర్లు అంటే అంటురోగమనే ఎవరైనా అనుకుంటారు. కారణం వెతకడానికి వెళ్లినవాళ్లలో మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఉన్నారు. కృష్ణమాచారి, రమేశ్ భట్, వాళ్ల తోటివాళ్లు. వాళ్లు రోగుల ఇళ్లల్లోంచి మొక్కజొన్న తీసుకుని పరీక్ష చేశారు. గింజల నిండా ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఉంది. అది తయారుచేసే విషమే అఫ్లటాక్సిన్. జబ్బు పడ్డవాళ్లు రోజుకి 2 నుంచి 6 మిల్లీగ్రాముల విషం చొప్పున వారాల తరబడి తిని ఉంటారని లెక్క కట్టారు. 1975లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇదంతా అచ్చయింది.

2 మిల్లీగ్రాములంటే చిటికెడు కూడా కాదు కదా అనిపిస్తుంది. ఇలా చూడండి. ఇప్పుడు మన దేశంలో కిలో ధాన్యంలో 15 మైక్రోగ్రాములకి మించి ఈ విషం ఉండకూడదని నియమం ఉంది. అప్పటి ఇళ్లల్లో దొరికిన మొక్కజొన్నలో కిలోకి 6 మిల్లీగ్రాముల నుంచి 15 మిల్లీగ్రాముల పైదాకా ఉంది. అంటే ఇప్పటి హద్దుకి 400 రెట్ల నుంచి 1000 రెట్లు.

ఈ విషం సంగతి లోకానికి తెలిసిందే 1960లో. ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. వాటి మేతలో కలిపిన వేరుశనగ పిండిలో బూజు ఉందని తేలింది. అక్కడి కోళ్ల ఫారాలకి నష్టం వచ్చింది కాబట్టి వెంటనే పరిశోధన జరిగి కారణం దొరికింది. పద్నాలుగేళ్ల తర్వాత భిల్లుల ఇళ్లకి మాత్రం ఆ సమాచారం చేరలేదు. దేశాల మధ్య వేరుశనగ పిండి అమ్ముకునేవాళ్లకి తెలిసింది, రొట్టె చేసుకునే తల్లికి తెలియలేదు. ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

ఇలాంటివి చెప్పినప్పుడు "ఆదివాసీలకి అవగాహన లేదు" అనేస్తారు. నేను ఒప్పుకోను. బూజు పట్టిన గింజ మంచిది కాదని మన ముసలమ్మలకి తెలీదా? రంగు చూసే చెప్తారు, వాసన చూసే చెప్తారు. తెలియంది ఏంటంటే, బూజు దులిపేసినా, కడిగినా, రొట్టె కాల్చినా విషం గింజలోనే ఉండిపోతుందని. మామూలు వంట వేడికి అఫ్లటాక్సిన్ పోదు. అది చూస్తే తెలిసేది కాదు, ప్రయోగశాలలో తేలాల్సిన విషయం. రెండోది, ఇంట్లో ఉన్నది ఆ గింజ ఒక్కటే అయినప్పుడు పారబోసి ఏం తింటారు? ఆ జబ్బు మొక్కజొన్న మీదే బతికే పేద ఆదివాసీ ఇళ్లల్లోనే వచ్చింది. అది తెలివికి సంబంధించిన విషయం కాదు, వేరే తిండి లేకపోవడం.

30 ఏళ్ల తర్వాత మళ్లీ జరిగింది. 2004లో కెన్యాలో 317 మందికి జబ్బు చేసి 125 మంది చనిపోయారు. అక్కడ కూడా మొక్కజొన్నే. పరిశోధకులు ఇంటింటికీ వెళ్లి చూస్తే, తడి మొక్కజొన్నని గాదెలో కాకుండా ఇంటి లోపల దాచినవాళ్లకి ముప్పు ఎక్కువని తేలింది. ఇది చదివినప్పుడు మా వెనక గది కళ్ల ముందు కనిపించింది.

మా అమ్మమ్మ వాళ్ల పాత ఇంట్లో పొత్తుల్ని తొక్కతోనే జడలా కట్టి పొయ్యి పైన దూలానికి వేలాడదీసేవాళ్లు. రోజూ పొగ, వేడి తగిలి గింజ రాయిలా ఎండిపోయేది. పురుగూ రాదు, బూజూ రాదు. బూజుకి ముఖ్యంగా కావాల్సింది తేమ. గింజలో తేమ వందకి 13, 14 పాళ్లు దాటిందంటే దానికి పండగే. అమ్మమ్మ గింజని పంటి కింద పెట్టి కొరికి చూసేది. టక్కున విరిగితే ఎండినట్టు, పళ్లకి మెత్తగా తగిలితే ఇంకా ఎండాలి. అలాగని పాత ఇల్లే గొప్పదని నేను అనను. ఆ పొగకే అమ్మమ్మ కళ్లు పోయాయి, దగ్గు ఎప్పుడూ ఉండేది. కొత్త ఇల్లు మాకు కావాలి. కానీ ఆ ఇంటి నమూనా గీసినవాళ్లు, ఈ ఇంట్లో గింజ ఎక్కడ ఎండుతుంది, ఎక్కడ దాస్తారు అని ఒక్కసారైనా మమ్మల్ని అడగలేదు.

ఇంటి సంగతి వచ్చింది కాబట్టి హాస్టల్ సంగతి కూడా. నేను ఉన్న ఒక హాస్టల్లో వానాకాలం మొత్తం గోడ మీద నల్లటి మచ్చలు ఉండేవి. స్లాబు కారేది, కిటికీ మూసేసి తడి బట్టలు గదిలోనే ఆరేసుకునేవాళ్లం. గోడ బూజు, గింజ బూజు చేసే హాని ఒకటి కాదు, కలిపేసి భయపడకండి. గోడ బూజు వల్ల పొట్టలో నీరు చేరదు. కానీ దాని రేణువులు గాలిలో తేలి ఊపిరితో లోపలికి పోతాయి. ముక్కు కారడం, దగ్గు, పిల్లికూతలు, ఆయాసం ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువవడం. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లల్లో ఇవి ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో మార్గదర్శకాలే ఇచ్చింది. మనవాళ్లు గోడ చెమ్మనీ నెమ్ము అంటారు, పిల్లల ఛాతీలో చేరే జబ్బునీ నెమ్ము అంటారు. రెండింటికీ ఒకే మాట ఎందుకు వాడారో నాకు ఆ గదిలో ఉన్నాక అర్థమైంది. సున్నం కొడితే మచ్చ దాక్కుంటుంది, అంతే. నీరు ఎక్కడినుంచి వస్తుందో అది ఆపితేనే బూజు ఆగుతుంది.

ఇక మా ఇంటి గొడవ. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మూడు నెలల కష్టం ఆ బస్తా. నేను 106 మంది సంగతి చెప్పాను. కుక్కల సంగతి చెప్పాను. కుక్కల సంగతి విన్నాక అమ్మ బస్తా దగ్గర నుంచి లేచింది. కోళ్లకి వేద్దామా అంది, అదీ వద్దన్నాను. దూరంగా గొయ్యి తీసి పూడ్చేశాం. మిగతా రెండు బస్తాలు విప్పి పరిచి చూశాం. బూజు కనబడలేదు, కానీ గింజ మెత్తగా ఉంది. నాలుగు రోజులు ఎండలో పోశాం. ఇప్పుడు కర్రల మంచె వేసి, నేలకీ గోడకీ తగలకుండా, గోనె సంచుల్లో పెట్టారు. ఒక బస్తా పోయింది. దాని బదులు బియ్యం కొనాల్సి వచ్చింది, అప్పు చేసి. ఇది కూడా రాస్తున్నాను, ఎందుకంటే "పారేయండి" అని చెప్పడం తేలికే, పారేసేవాడి ఇంట్లో ఆ పూట ఏముందో ఎవరూ అడగరు.

చదువుకున్న మనం చేయగలిగింది ఒకటుంది. ఆ వాక్యం పాఠంలోనే ఉండిపోకుండా ఇంటికి తీసుకెళ్లడం. ఈ సెలవుల్లో మీ ఇంటి బస్తా ఒకసారి విప్పి చూడండి. అలాగే మీ అవ్వ, తాతల్ని అడిగి, మీ ఊళ్లో గింజ ఎలా ఎండబెట్టేవాళ్లో, ఎక్కడ దాచేవాళ్లో ఇక్కడ రాయండి. అదీ మన చరిత్రే.

జోహార్.