ఊబకాయం: తప్పు మనిషిదేనా?

ఊబకాయం గురించి ప్రజారోగ్య రంగంలో మాట్లాడే తీరు మారింది. ఒకప్పుడు 'తక్కువ తినండి, ఎక్కువ నడవండి' అనడంతో సరిపోయేది. బరువు పెరిగితే తప్పంతా నోటిదే అన్నట్టు! ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని దీర్ఘకాలిక జబ్బుగా చూస్తోంది. వంశపారంపర్యం, నిద్రలేమి, కొన్ని మందులు, చౌకగా దొరికే ప్యాకెట్ తిండి, నడవడానికి చోటులేని వీధులు కూడా కారణాలే.

అందుకే 'ఊబకాయుడు' అనకుండా 'ఊబకాయం ఉన్న వ్యక్తి' అనమంటున్నారు. పేరు మారిస్తే కొవ్వు కరుగుతుందా అని నవ్వేవాళ్లూ ఉన్నారు. కానీ దావత్‌లో, పెళ్లిచూపుల్లో 'మోటీ' అనిపించుకున్న అమ్మాయి డాక్టర్ దగ్గర బరువు మిషన్ ఎక్కడానికే సిగ్గుపడుతుంది. షుగర్, బీపీ పరీక్షలు వాయిదా పడతాయి.

కొలతల్లోనూ తేడా ఉంది. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. అంతర్జాతీయ లెక్కలో 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. భారతీయులకు తక్కువ బరువుకే పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది కాబట్టి ఇక్కడి వైద్యులు 23, 25లను హద్దులుగా తీసుకుంటారు. 157 సెం.మీ. ఎత్తు, 60 కిలోల బరువున్న మహిళ బీఎంఐ సుమారు 24. అక్కడ మామూలే, ఇక్కడ అధిక బరువు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెం.మీ. దాటకూడదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో బీఎంఐ 25, ఆపైన ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత. కడుపు నిండుతోంది, ఒంటికి కావాల్సింది అందడం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజు తిండిలో సగం పళ్లెం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలంటోంది. బిర్యానీ దస్తర్‌ఖాన్ మీద ఆ సగం ఎక్కడుంటుందో చూసుకోవాలి.

అసలు పోరు ప్యాకెట్ల మీదే. పెద్దవారికి రోజుకు 25 గ్రాముల లోపు చక్కెర మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఇఫ్తార్‌లో తాగే 250 మి.లీ. కోలాతోనే ఆ కోటా అయిపోతుంది. చిలీ దేశం 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్లపై నల్లటి హెచ్చరిక గుర్తు పెట్టిస్తోంది. మన ఆహార భద్రతా సంస్థ 2022 ముసాయిదాలో నక్షత్రాల రేటింగ్ ప్రతిపాదించింది. దీన్నే ఆరోగ్య కార్యకర్తలు వ్యతిరేకించారు. ఉప్పు దట్టించిన ప్యాకెట్‌కైనా ఒకటో రెండో నక్షత్రాలు వస్తే జనం దాన్ని మెచ్చుకోలుగానే చూస్తారని, చదువురాని అమ్మీకైనా నల్ల గుర్తు ఇట్టే తెలుస్తుందని వారి వాదన.